సమస్యాపూరణం: "చేయి లేనివాడు చిటిక వేసె"

ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం:

"చేయి లేనివాడు చిటిక వేసె"

పూరణ పాత డ్రమ్ మెషీన్ల గురించో, కీబోర్డుల గురించో, వాటితో ఇంట్లో చేసుకునే రికార్డింగ్ గురించో ఉండాలి. బ్రాండు పేర్లు గణాల్లో ఇమిడితే వాడుకోవచ్చు. ఆ 'వాడు' ఎవరో మాత్రం పద్యంలోనే తేలాలి.

లయపిపాసి:

రొదను వడియగట్టి రోలాండు పెట్టెలో
వరుస దెబ్బలుగను వదలినంత
జనము లేని గదిని చప్పట్లు మోగెను;
చేయి లేనివాడు చిటిక వేసె.

నిర్వాహకుడు: లయపిపాసి గారూ, చక్కని పూరణ. అభినందనలు. రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషీన్ టీఆర్-808లో చప్పట్లు పుట్టే తీరంతా మొదటి రెండు పాదాల్లో ఉంది. 1980లో వచ్చిన ఆ పెట్టెలో ఎవరి చప్పట్లూ రికార్డు చేసి లేవు. సర్క్యూట్‌లో పుట్టిన వట్టి రొదను ఫిల్టర్ గుండా పంపి, వెంటవెంటనే పొట్టి దెబ్బలుగా తెంపి, చివర కాస్త తోక వదులుతుంది. ఆ తోకే గది ప్రతిధ్వనిలా వినిపిస్తుంది. అయితే మూడో పాదంలో చప్పట్లు, నాలుగో పాదంలో చిటిక. అన్వయం బెసికింది. "జనము లేని గదిని చప్పుడు పుట్టెను" అందామా? యతికీ ఇబ్బంది లేదు.

లయపిపాసి: సవరించుకున్నాను గురువుగారూ, ధన్యవాదాలు. మీరు చెప్పిన ఆ తోక వల్లే నేను దానికి రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) వేయను. 808 వెనక విడివిడి అవుట్‌పుట్లు ఉంటాయి కనుక కిక్కును (పెద్ద డ్రమ్ము దెబ్బను) వేరే ట్రాక్‌లోకి తీసుకుని, రికార్డింగ్ నడుస్తుండగానే దెబ్బ ఎంతసేపు సాగాలో మార్చే డికే నాబ్ తిప్పుతాను. కిక్కు సాగేకొద్దీ బేస్ వాద్యం చేసే పని కూడా అదే చేస్తుంది. ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు.

శబ్దప్రియ:

నిజపు డోలు దెబ్బ చిప్పులో నిదురించె
మీట తాకినంత మేలుకొనెను
నాడు కొట్టినట్టి నాదమ్ము నేడొచ్చె
చేయి లేనివాడు చిటిక వేసె.

నిర్వాహకుడు: శబ్దప్రియ గారూ, భావం ఎంతో బాగుంది. రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్ఎమ్-1 కదా! అసలు డ్రమ్ముల శాంపిళ్లతో (రికార్డు చేసిన చిన్న ముక్కలతో) మోగిన మొదటి డ్రమ్ మెషీన్ అది. కొట్టిన చేయి వెళ్లిపోయి దెబ్బ మాత్రం మిగలడం సమస్యకు అతికినట్టుంది. మొదటి పాదంలో యతి తప్పింది. మాటలు అటూ ఇటూ మార్చి "నిజపు డోలు దెబ్బ నిదురించె చిప్పులో" అంటే సరి. "నేడొచ్చె" వ్యావహారికమే, అయినా ఈ పద్యంలో నాకు ఎబ్బెట్టుగా లేదు.

లయపిపాసి: ఎల్ఎమ్-1లో క్రాష్, రైడ్ సింబల్స్ (డ్రమ్ సెట్టులోని ఇత్తడి పళ్లేలు) లేవు. సింబల్ మోత చాలాసేపు సాగుతుంది, మెమరీ ఎక్కువ తింటుంది. అప్పట్లో చిప్పులు ఖరీదు. దాని తర్వాత 1982లో వచ్చిన లిన్‌డ్రమ్‌లో ఆ సింబల్స్ చేరాయి. "చిప్పులో నిదుర" అంటే నాకు ఆ ఇరుకే గుర్తొచ్చింది.

పాతమెట్లు:

డ్రమ్ము పెట్టె లేక డస్సిపోవుట యేల?
మైకు గలదు, చాలు, మాట వినుము!
పాత మెట్లమీద పదిలంగ పాటను
చేయి; లేనివాడు చిటిక వేసె.

నిర్వాహకుడు: భళా! సమస్యను విరిచిన తీరు అద్భుతం. "చేయి" క్రియ అయింది, "లేనివాడు" డ్రమ్ మెషీన్ లేనివాడయ్యాడు. నేను ఊహించని దారి ఇది.

శబ్దప్రియ: విరుపు నాకూ నచ్చింది. కానీ పాట కడతాం గానీ చేయం కదా అన్నగారూ? పైగా ఏ కీబోర్డో పద్యంలో తేలలేదు.

పాతమెట్లు: నిజమే అమ్మా, "కట్టు" అంటే విరుపు పోతుంది, అందుకే "చేయి"తోనే సరిపెట్టుకున్నాను. మనసులో ఉన్నది కాసియో ఎస్‌కే-1. పొట్టి మెట్లు ముప్పై రెండు, ఒంటి మీదే మైకు, 8 బిట్లలో 1.4 సెకన్ల శాంపిల్. చిటికకు అంత చాలు. దగ్గరగా వేసి రికార్డు చేసి కింది మెట్లు నొక్కితే అదే చిటిక నెమ్మదించి చెక్క మీది దెబ్బలా బరువెక్కుతుంది, పై మెట్ల మీద గవ్వలా టక్కుమంటుంది. రెండిటినీ రెండు ట్రాకుల్లో పెడితే తాళం సిద్ధం. వెనక వినిపించే సన్నని బరబర శబ్దాన్ని నేను తుడిచేయను.