కౌలుకి చేసేవాళ్ళకి రైతు భరోసా పడే దారి ఏమైనా ఉందా?

మధిర_కుర్రోడు:
అన్నలూ ఒక డౌటు. మాది బోనకల్ దగ్గర, ఖమ్మం జిల్లా. నాన్నకి సొంతంగా 30 గుంటలే (ముప్పావు ఎకరం), ఇంకో నాలుగెకరాలు కౌలుకి పట్టి మిర్చి వేస్తాడు, కౌలు ఎకరాకి ఇరవై వేలు, అదీ ముందే కట్టాలి. ఓనర్ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, పండక్కి వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. రైతు భరోసా (సీజన్‌కి ఎకరాకి ఇంత అని రాష్ట్ర సర్కారు ఇచ్చే పంట సాయం) పడ్డప్పుడు నాన్న ఫోన్‌కి 4,500 మెసేజ్ వచ్చింది, ఆ నాలుగెకరాలకి ఓనర్ అకౌంట్లో 24,000 పడ్డాయంట. 2023 ఎలక్షన్లప్పుడు కౌలు రైతుకి కూడా ఎకరాకి ఏడాదికి 15 వేలు అన్నారు కదా, ఎక్కడన్నా అప్లికేషన్ పెట్టుకోవాలా? ఏఈవోని (మా వ్యవసాయ విస్తరణ అధికారి) అడిగితే పట్టా పాస్‌బుక్ ఎవరిదైతే వాళ్ళకే అని తేల్చేశాడు.

పాత_పహాణీ:
ఏఈవో చెప్పింది కరెక్టే తమ్ముడూ. 2018లో రైతుబంధు మొదలైన కాడ్నించి ఇంతే, పైసలు పంటకి కాదు పట్టాకి. సీజన్‌కి నాలుగు వేలు, తర్వాత ఐదు, 2025 జనవరి నుంచి ఆరు. రేటు మారింది, పథకం పేరు మారింది, పడే అకౌంట్ మాత్రం మారలే. ఒక్కటి మంచిగ చేసిన్రు, గుట్టలకీ లేఅవుట్లకీ ఆపిన్రు, లేకుంటే వెంచర్ రాళ్ళు పాతిన జాగకి కూడా పంట సాయం పడేది. పాత పహాణీల (ఊరి భూమి రికార్డు) అనుభవదారు అని ఒక కాలమ్ ఉండె, దున్నేటోడి పేరు అండ్ల ఎక్కేది. ధరణి (ఆన్‌లైన్ భూమి రికార్డులు) వచ్చినంక అదీ పాయె. 2011 చట్టం కింద కౌలుదారులకి రుణ అర్హత కార్డులు ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు వాటిని అడిగేటోడే లేడు.

ఆరెకరాలాయన:
ఓనర్ల సైడ్ నుంచి చెప్తా, తిట్టుకోకండి. కాగితం రాసివ్వడానికి మాకు భయం. 1950 కౌలుదారీ చట్టంలో రక్షిత కౌలుదారు అని పేరెక్కినోళ్ళకి 38-ఈ ఓనర్‌షిప్ సర్టిఫికెట్లతో భూమే వాళ్ళ సొంతమైపోయింది, ఆ కథలు మా ఇంట్లో ఇప్పటికీ చెప్తారు. అందుకే అంతా నోటిమాట. ఇంకో సంగతి, నేను ఇన్‌కంట్యాక్స్ కడతా కాబట్టి పీఎం కిసాన్ నాకు రాదు. రైతు భరోసాకి ఆ ప్రశ్నే లేదు, పడిపోద్ది.

పాత_పహాణీ:
అంటే ట్యాక్స్ కట్టేటోడికి కేంద్రం ఏడాదికి ఆరు వేలు కూడా వద్దంటది, మన రాష్ట్రం ఆరెకరాలకి సీజన్‌కి 36 వేలు చేతిల పెడ్తది. బాగుంది సార్ మీ పని 😄

గోదారి_గట్టు:
మా ఏపీలో కౌలుదారు కార్డు ఉంది, సీసీఆర్‌సీ అంటారు, 11 నెలలే చెల్లుద్ది, 2019 చట్టం. కానీ ఓనరు సంతకం పెట్టాలి. వాళ్ళు పెట్టరు. మా లంకల్లో సగం మందికి కార్డు రాకపోడానికి కారణం అదేనండి, వేరే ఏం లేదు.

మధిర_కుర్రోడు:
మరి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా? అమ్మ ఉపాధి హామీ పనికి వెళ్తది.

యాసంగి77:
అది భూమి లేని కూలీ కుటుంబాలకి బ్రో, మీ 30 గుంటలే అడ్డం. అటూ కాదు ఇటూ కాదు మీ పరిస్థితి. కానీ పంట నమోదుకి ఏఈవో వచ్చినప్పుడు నాన్నని చేలోనే ఉండమను, సాగు చేసేది నేనే అని రాయించుకోమను. 2023 మార్చిలో వడగళ్ళు పడ్డప్పుడు కేసీఆర్ మీ బోనకల్‌కే వచ్చి ఎకరాకి పదివేలు, కౌలు రైతుకి కూడా ఇవ్వాలి అన్నాడు గుర్తుందా, అలాంటప్పుడు ఆఫీసోళ్ళు ఫలానా సర్వే నంబర్‌లో ఎవరు చేస్తున్నారని చూస్తారు, నీ పేరు లేకపోతే అదీ పట్టాదారుకే పోద్ది. ఇక రైతు భరోసా అంటావా, మా ఊళ్ళో కొంతమంది ఓనర్లు దాన్ని కౌల్లో తగ్గించుకుంటారు, సగం సగం మాట్లాడుకున్నోళ్ళూ ఉన్నారు. ఉగాదికి కౌలు మాట్లాడేటప్పుడే అడగండి, డబ్బులు కట్టేశాక ఎవడూ ఫోన్ ఎత్తడు.