పిస్టన్ రైఫిల్‌కు వేర్వేరు కంపెనీల విడిభాగాలు కలపవచ్చా?

కొత్తచేయి
అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడి చట్టం అడిగేవన్నీ సరిగానే ఉన్నాయి కాబట్టి ఆ చర్చ వద్దు. ఏఆర్-15 తరహా రైఫిల్ ఒకటి సొంతంగా కూర్చుకుంటున్నాను. గ్యాస్ ట్యూబు (తూటా పేలిన వాయువును వెనక్కి తెచ్చే గొట్టం) బదులు షార్ట్ స్ట్రోక్ పిస్టన్ (ఆ వాయువు కొద్ది దూరం నెట్టే కడ్డీ) పెట్టాలని ఉంది. బ్యారెల్ ఒకరిది, పిస్టన్ కిట్ ఇంకొకరిది, హ్యాండ్‌గార్డు (బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగు) మూడో వారిది. బ్యారెల్ పొడవు 16 అంగుళాలు, మిడ్ లెంగ్త్ గ్యాస్, గ్యాస్ బ్లాక్ (బ్యారెల్ నుంచి వాయువును పట్టే దిమ్మ) కూర్చునే చోట వ్యాసం 0.750 అంగుళం, ఛాంబర్ (తూటా కూర్చునే గది) 5.56. కిట్ పెట్టె మీద 0.750 అనీ, కార్బైన్ అనీ ఉంది. బిగించే ముందు ఏమేమి సరిచూడాలి?

పాతకొలిమి
సరిచూడాల్సింది ఒక్కటే తమ్ముడూ: తిరిగి ఇచ్చేయడానికి గడువు ఉందా లేదా అని. ఉంటే ఇచ్చేసి, ఒకే కంపెనీ కూర్చి, పరీక్షించి అమ్మే పూర్తి అప్పర్ (బ్యారెల్‌తో సహా రైఫిల్ పై సగం) కొనుక్కో.

కోపంతో చెప్పడం లేదు, కారణం వివరిస్తాను. గ్యాస్ ట్యూబు రకంలో భాగాలు ఒకదానితో ఒకటి కలుస్తాయంటే, దశాబ్దాల పాటు సైన్యం కోసం ఒకే కొలతలతో ఎందరో తయారు చేయడం వల్ల. ఆ కొలతలు ఊరందరికీ ఉమ్మడి ఆస్తి. పిస్టన్ రకానికి అలాంటి ఉమ్మడి కొలత ఎప్పుడూ లేదు. పిస్టన్ కప్పు, కడ్డీ, దాని స్ప్రింగు, గ్యాస్ బ్లాక్, క్యారియర్ (తూటా వెనక ఛాంబర్‌ను మూసే బోల్టును మోసుకుని ముందుకూ వెనక్కీ కదిలే భాగం) మీద దెబ్బ తగిలే మొన, ఇవన్నీ ఎవరి ఇష్టం వారిది. ఒకరి కడ్డీ ఇంకొకరి గ్యాస్ బ్లాక్‌లో దూరినంత మాత్రాన అవి కలిసినట్టు కాదు.

మైక్రోమీటర్
ఇదిగో, మళ్లీ మొదలు. ఈ వేదికలో ఎవరు ఏ భాగం గురించి అడిగినా మీ జవాబు "పూర్తిది కొనుక్కో" అనే.

కొత్తచేయి గారూ, విషయం అంత గందరగోళమేమీ కాదు. ఏవి ఉమ్మడి, ఏవి సొంతం అని వేరు చేసుకుంటే సగం పని అయినట్టే. బ్యారెల్ నట్టు మరలు, బ్యారెల్ ఎక్స్‌టెన్షన్, ఫైరింగ్ పిన్, ట్రిగ్గర్ భాగాలు దాదాపు అందరివీ ఒకటే. గ్యాస్ బ్లాక్, కడ్డీ, క్యారియర్ మాత్రం ఒకే కిట్‌లోవి అయి తీరాలి. వాటిని విడదీసి కలపమని ఎవరూ చెప్పడం లేదు. ఆ మూడూ ఒకచోటివి అయితే, మిగతావన్నీ కొలిచి చూసుకునే విషయాలు. హ్యాండ్‌గార్డు లోపలి వ్యాసం తప్పక చూడండి. పిస్టన్ గ్యాస్ బ్లాక్ మామూలు దానికంటే ఎత్తుగా ఉంటుంది. సన్నని హ్యాండ్‌గార్డు దాన్ని తాకితే గురి చెదురుతుంది. కొన్ని డిజైన్లలో పిస్టన్‌ను ముందు నుంచి బయటికి లాగి శుభ్రం చేయాలి. హ్యాండ్‌గార్డు ఆ దారికి అడ్డొస్తే, శుభ్రం చేసే ప్రతిసారీ మొత్తం విప్పాల్సిందే.

స్టాకు కొంటున్నారా? స్టాకు ఎక్కే గొట్టాన్ని బఫర్ ట్యూబు అంటారు, వాటిలో రెండు కొలతలు ఉన్నాయి. సైనిక కొలతది సుమారు 1.148 అంగుళాలు, కమర్షియల్ అనేది 1.168. చూపుకు ఒకటే, స్టాకు ఎక్కించేటప్పుడు తెలుస్తుంది.

చివరి బెంచి
బ్యారెల్ మిడ్ లెంగ్త్. కిట్ కార్బైన్.

పాతకొలిమి
మూడూ ఒకే కిట్‌లోవి అయితే చాలా? క్యారియర్ ఒరగడం మాటేమిటి? గ్యాస్ ట్యూబు రకంలో వాయువు క్యారియర్ లోపలికి వెళ్లి బోల్టుతో ఒకే వరుసలో వెనక్కి నెడుతుంది. పిస్టన్ రకంలో కడ్డీ క్యారియర్ నడినెత్తి మీద కొడుతుంది. నెత్తి మీద కొడితే తోక కిందికి వంగుతుంది. వంగిన తోక బఫర్ ట్యూబు అంచును చెక్కుతుంది. తోక దగ్గర అదనపు మెట్లు పెట్టి, వెనక భాగాన్ని లావు చేసి ఈ జబ్బును తగ్గించారు కొందరు. ఆ మందు వాళ్ల సొంత అప్పర్‌లో, వాళ్ల సొంత ట్యూబుతో పరీక్షించినది. నువ్వు ఇంకొకరి ట్యూబు తెచ్చి వెనక బిగిస్తే ఆ పరీక్ష చెల్లుతుందా?

మైక్రోమీటర్
క్యారియర్ ఒరగడం తొలినాళ్ల కిట్లలో ఉన్న లోపం. ఈనాటి క్యారియర్లను చూసి మాట్లాడండి. నా దానిలో ట్యూబు అంచు మీద చిన్న మెరుపు గీత తప్ప ఏమీ లేదు.

పాతకొలిమి
ఆ మెరుపు గీతనే ఒరగడం అంటారు.

మైక్రోమీటర్
కాదు. కొత్త యంత్రం దేనికైనా మొదట కొంత రాపిడి ఉంటుంది. గీత లోతు పెరుగుతోందా లేదా అన్నది ప్రశ్న. నాది పెరగలేదు, గోరు పెట్టి చూస్తే తగలదు.

పాతకొలిమి
గోరు కొలమానమా? పేరేమో మైక్రోమీటర్!

వేటూరి బాటసారి
మీరిద్దరూ ఊరికే "గ్యాస్ ట్యూబు రకం, పిస్టన్ రకం" అంటున్నారు గానీ, ఏఆర్-15 రూపకర్త స్టోనర్ డిజైనులో కూడా పిస్టన్ ఉంది. 1960లో వచ్చిన పేటెంటు చదవండి. వాయువు క్యారియర్ లోపలి గదిలో వ్యాకోచిస్తుంది, బోల్టు తోకే అక్కడ పిస్టన్. వాయువు నేరుగా క్యారియర్‌ను తన్నే అసలు డిజైను స్వీడన్ వారి 1942 నాటి యుంగ్‌మన్ రైఫిల్‌లో ఉంది. కాబట్టి ఈ చర్చ శీర్షికే తప్పు.

మైక్రోమీటర్
ధన్యవాదాలు. దానివల్ల కొత్తచేయి గారి హ్యాండ్‌గార్డు సమస్య ఎలా తీరుతుందో కూడా పేటెంటులో ఉందా?

వేటూరి బాటసారి
పేర్లు సరిగా ఉంటే ఆలోచన సరిగా ఉంటుంది. అంతే.

పాతకొలిమి
చరిత్రే కావాలంటే ఇది వినండి. ఎఫ్ఎన్ ఎఫ్ఏఎల్ షార్ట్ స్ట్రోక్ పిస్టన్ రైఫిలే. ప్రపంచమంతా వాడింది. కానీ బెల్జియం వారు మిల్లీమీటర్లలో, బ్రిటన్, కామన్వెల్త్ దేశాలు అంగుళాలలో తయారు చేశారు. చూడటానికి కవలలు. అంగుళాల మ్యాగజైన్ మిల్లీమీటర్ల రైఫిల్‌కు ఎక్కదు. ఇషాపూర్‌లో మనవాళ్లు చేసిన 1ఏ1 ఆ రెంటి పోలికలూ కలిసినది. ఒకే రైఫిల్, సైన్యాల పర్యవేక్షణలో తయారైనది, దానికే ఈ గతి. ఇక ముగ్గురు దుకాణదారుల భాగాలు నమ్మకంగా కలుస్తాయంటే నేనెలా ఒప్పుకుంటాను?

మైక్రోమీటర్
మీ ఉదాహరణ నా పక్షాన ఉంది. ఏది కలుస్తుందో, ఏది కలవదో తెలిసింది కొలిచినందువల్లే కదా. కొలవడం మానేసి పెట్టె మీద పేరును నమ్మమని మీరు, కొలవమని నేను.

ఇంటి దగ్గరి నుంచి
ఇండియాలో ఉండి చదువుతున్నాను. ఇలా అప్పర్లు, బ్యారెళ్లు విడివిడిగా కొనుక్కోవడం ఎలా కుదురుతుంది? మన దగ్గర విడిభాగం కూడా ఆయుధమే అంటారు కదా?

వేటూరి బాటసారి
అవును, మన 1959 ఆయుధాల చట్టం నిర్వచనంలోనే విడిభాగాలూ ఉన్నాయి. అమెరికాలో 1968 చట్టం ప్రకారం తుపాకీ అంటే రిసీవర్ (మిగతా భాగాలు బిగించే ప్రధాన శరీరం). ఏఆర్-15లో సంఖ్య చెక్కి ఉండే కింది రిసీవరే ఆ తుపాకీ. బ్యారెల్, పై రిసీవర్ సమాఖ్య చట్టం దృష్టిలో మామూలు సరుకు. రాష్ట్రాల నిబంధనలు వేరే. ఇంత పెద్ద విడిభాగాల సంత పుట్టింది ఆ నిర్వచనం వల్లే.

కొత్తచేయి
అందరికీ ధన్యవాదాలు. చివరి బెంచి గారు అన్నది ఇప్పుడే చూశాను. అంటే కడ్డీ పొడవు సరిపోదా?

చివరి బెంచి
సరిపోదు. బ్యారెల్‌లో వాయువు బయటికి వచ్చే రంధ్రం కార్బైన్‌లో ఛాంబర్‌కు దగ్గర, మిడ్ లెంగ్త్‌లో సుమారు రెండు అంగుళాలు ముందుకు. గ్యాస్ బ్లాక్ రంధ్రం మీదే కూర్చోవాలి, కడ్డీ అక్కడి నుంచి క్యారియర్‌ను అందుకోవాలి. కార్బైన్ కడ్డీ అందుకోదు. వ్యాసం కలిసింది, పొడవు కలవలేదు.

మైక్రోమీటర్
నేను కొలవమన్నది ఇందుకే.

పాతకొలిమి
నేను తిరిగి ఇవ్వమన్నదీ ఇందుకే! మొదటి పోస్టులోనే ఉన్న తేడా నీ మైక్రోమీటరుకు కనపడలేదు. నువ్వు హ్యాండ్‌గార్డు గురించి వ్యాసం రాశావు.

మైక్రోమీటర్
మీరు మాత్రం క్యారియర్ తోక గురించి పురాణం చెప్పారు. ఒకటి అడుగుతాను. మీరు చెప్పినట్టే ఒకప్పుడు పూర్తి అప్పర్ కొన్నాను. ఒకే కంపెనీ, అన్నీ వాళ్లవే. ఆ కంపెనీ మూతపడింది. ఆ తర్వాత కడ్డీ స్ప్రింగు విరిగింది. ఇంకొకరి స్ప్రింగు దానికి పట్టదు, ఎందుకంటే అన్నీ వాళ్ల సొంత కొలతలు. అంత ఖరీదైన సామాను ఇప్పుడు నా అలమరాలో ఇనుప ముక్క. పూర్తిది కొనుక్కోమని చెప్పేవారు ఆ డబ్బు తిరిగి ఇస్తారా? ఉమ్మడి కొలత లేని చోట పూర్తి వ్యవస్థ కొనడం అంటే ఆ కంపెనీ ఆయుష్షు మీద పందెం కాయడమే.

పాతకొలిమి
నీ డబ్బు పోయింది, వేలు పోలేదు. నేను చూసిన సంగతి చెబుతాను. రేంజ్‌లో నా పక్క బెంచీలో ఒకాయన .300 బ్లాకౌట్ తూటాను 5.56 బ్యారెల్ ఉన్న రైఫిల్‌లో పెట్టాడు. ఆ రెంటికీ బోల్టు ఒకటే, మ్యాగజైన్ ఒకటే, క్యారియర్ ఒకటే. తేడా బ్యారెల్ ఒక్కటే. లావు గుండు వెనక్కి నొక్కుకుని తొడుగులోకి దిగింది, బోల్టు మూసుకుంది. మూసుకోవడమే కదా నువ్వు కలవడం అనేది! పై రిసీవర్ చీలింది, మ్యాగజైన్ అడుగు ఊడి నేల మీద పడింది. ఒక ముక్క నా బెంచీ మీది కాగితంలో గుచ్చుకుంది. ఆ రైఫిల్‌లో ప్రతి భాగమూ ప్రతి భాగంతో చక్కగా "కలిసింది".

మైక్రోమీటర్
అది తూటా పొరపాటు. విడిభాగాల పొరపాటు కాదు. ఒకే కంపెనీ రైఫిల్ అయినా అదే జరిగేది.

పాతకొలిమి
తెలుసు.

మైక్రోమీటర్
తెలిస్తే ఎందుకు తెచ్చారు? భయపెట్టడానికా? మీకు భాగాలు కలుస్తాయా లేదా అన్నది పట్టదు. ఎవరూ సొంతంగా ఏదీ కూర్చుకోకూడదన్నది మీ మాట. అది తిన్నగా చెప్పండి, తోక ఒరగడం, ఇషాపూర్ అంటూ డొంకతిరుగుడు ఎందుకు?

పాతకొలిమి
సరే, తిన్నగానే చెబుతాను. నేను మరమ్మతు దుకాణంలో పని చేస్తాను. వారం వారం ఎవరో ఒకరు ఇంట్లో కూర్చిన రైఫిల్ తెస్తారు. "అన్నా, ఒకసారి చూసి బాగుందని చెప్పు" అంటారు. గేజి పెట్టి హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకూ, తూటా ఛాంబర్‌లో ఆగే చోటుకూ మధ్య దూరం) చూస్తాను, సరిగా ఉంటే ఉందని రాసిస్తాను. వాళ్లకు అది చాలదు. రైఫిల్ మొత్తం క్షేమమని రాయమంటారు. రాయనంటే నాకు పని రాదని నాలుగు చోట్ల చెబుతారు. బ్యారెల్ కంపెనీని అడిగితే కిట్ వాళ్లను అడగమంటుంది, కిట్ వాళ్లు బ్యారెల్ వాళ్లను అడగమంటారు. చివరికి ఆ బరువు గేజి పట్టుకున్నవాడి నెత్తిన పడుతుంది. ఆరు భాగాలకు ఆరుగురు బాధ్యులు, మొత్తానికి ఎవరూ లేరు. పూర్తి అప్పర్‌కు కనీసం ఒక చిరునామా ఉంటుంది.

మైక్రోమీటర్
మూతపడ్డ కంపెనీ చిరునామాకు ఉత్తరం రాస్తే ఎవరు జవాబిస్తారు?

కానీ ఇప్పుడు మీరు అన్నది వేరే విషయం. మొదటే ఇలా చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. మొత్తానికి బాధ్యుడు కూర్చినవాడే. నేను కూర్చితే నేను. అందుకే నా రైఫిల్ ఇంకొకరికి అమ్మను, మీలాంటి వారి దగ్గరికి సంతకం కోసం తీసుకురాను. మొదట మ్యాగజైన్‌లో ఒక్క తూటా, తర్వాత రెండు, ఆపైనే ఎక్కువ. ఖాళీ తొడుగులు ఏరుకుని ప్రైమర్లు చూస్తాను. అది కూడా పక్క బెంచీలో ఎవరూ లేని సమయంలో.

పాతకొలిమి
నీలా చేసేవాడు పదిమందిలో ఒకడు. మిగతా తొమ్మిది మంది కోసం నేను మాట్లాడుతున్నాను.

మైక్రోమీటర్
ఆ తొమ్మిది మందికి ఎలా చూడాలో నేర్పించవచ్చు. ముట్టుకోవద్దంటే దొంగచాటుగా కూర్చుకుని నేరుగా రేంజ్‌కు వస్తారు.

ఆరో గురి
ఇద్దరూ ఒకే మాట అంటూ పోట్లాడుకోవడం ఈ వేదికలోనే చూస్తాను.

పాతకొలిమి
ఒకే మాట కాదు.

మైక్రోమీటర్
ఒకే మాట కాదు.

కొత్తచేయి
కార్బైన్ కిట్ వెనక్కి పంపాను. అదే కంపెనీ మిడ్ లెంగ్త్ కిట్ పంపుతోంది. క్యారియర్ కిట్‌తోనే వస్తుంది, బోల్టు విడిగా కొనాలి. బ్యారెల్ కంపెనీ తన బోల్టు కూడా అమ్ముతోంది. అది తీసుకోనా?

పాతకొలిమి
తీసుకో. ఆ బోల్టు ఆ క్యారియర్‌లో ఆడుతుందో లేదో కిట్ కంపెనీకి రాసి అడుగు. కొందరు బోల్టు మీద గ్యాస్ రింగులు ఉంచమంటారు, కొందరు తీసేయమంటారు. ఫోనులో చెబితే నమ్మకు, రాతలో తీసుకో. ఆ తర్వాత హెడ్‌స్పేస్ చూడు. ఆ బ్యారెల్‌తో ఆ బోల్టునే చూడాలి, తర్వాత బోల్టు మారిస్తే మళ్లీ చూడాలి. ఎజెక్టరూ (ఖాళీ తొడుగును బయటికి విసిరేది), ఎక్స్‌ట్రాక్టరూ (దాన్ని ఛాంబర్ నుంచి లాగేది) తీసేసి గేజి పెట్టు. లేకపోతే స్ప్రింగు ఒత్తిడి నీ చేతిని మోసం చేస్తుంది.

మైక్రోమీటర్
బోల్టు విషయంలో ఆయన చెప్పింది సరైనదే. ఎజెక్టర్ తీయాలి, నిజమే. ఎక్స్‌ట్రాక్టర్ తీయనక్కరలేదు, దానికి చోటు వదిలి చేసిన గేజిలు ఉన్నాయి.

పాతకొలిమి
నీ గేజిలో చోటు ఉందని అతనికి ఎలా తెలుస్తుంది? రెండూ తీయమను.

మైక్రోమీటర్
గేజి అంచు చూస్తే తెలుస్తుంది. కొత్తచేయి గారూ, మీ గేజి ఫొటో పెట్టండి.