ఇన్‌స్టాల్ స్క్రీన్‌లో డ్రైవ్‌ల లిస్టు ఖాళీ: ఎస్‌ఎస్‌డీ పోయినట్టేనా?

ప్రశ్న (పెదవాల్తేరు)

అందరికీ నమస్తే. అమ్మ లాప్‌టాప్ గురించి అడుగుతున్నాను. ఐ5, 11వ తరం ప్రాసెసర్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లన్నీ ఉండే డిస్క్). బాగా స్లో అయిందని, ఫైళ్లు ఉంచే ఆప్షన్‌తోనే రీసెట్ పెడితే మధ్యలో ఆగిపోయింది. అప్పట్నుంచి ఆన్ చేసినప్పుడల్లా రిపేర్ స్క్రీన్‌కే వెళ్తోంది. ఫ్రెండ్ కంప్యూటర్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ 11 పెన్‌డ్రైవ్ తయారుచేశాను. బూట్ అవుతోంది, భాష అడుగుతోంది, తీరా విండోస్ ఎక్కడ వేయాలో అడిగే చోటికి వచ్చేసరికి లిస్టు ఖాళీ. డ్రైవ్‌లు దొరకలేదు, లోడ్ డ్రైవర్ నొక్కమంటోంది. షాపులో చూపిస్తే ఎస్‌ఎస్‌డీ పోయింది, కొత్తది వేయాలి, పాత డేటా రాదన్నారు. అమ్మ టీచర్. పదో తరగతి నోట్సు, ప్రశ్నపత్రాలు అన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏమైనా దారి ఉందా?

జవాబు (లాప్‌టాప్ రిపేర్ పని, ద్వారకానగర్)

తమ్ముడూ, కొత్త ఎస్‌ఎస్‌డీ ఇప్పుడే కొనకు. ముందు బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్‌లోకి, వెళ్లి చూడు. ఆన్ చేస్తూ ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కుతూ ఉంటే వస్తుంది, కంపెనీని బట్టి మారుతుంది. అక్కడ ఎస్‌ఎస్‌డీ పేరు, సైజు కనబడుతున్నాయా? కనబడితే అది బతికే ఉందని దాదాపు నమ్మొచ్చు. కనబడకపోతే ఎస్‌ఎస్‌డీయో, దాని స్లాటో అనుమానించాలి. మీది బీచ్‌కి దగ్గర ఏరియా కాబట్టి ఈ మాట చెబుతున్నాను: ఉప్పుగాలికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కాంటాక్టులు మసకబారిన లాప్‌టాప్‌లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. అలాంటప్పుడు ఎస్‌ఎస్‌డీ తీసి, శుభ్రం చేసి, మళ్లీ బిగిస్తే పని జరగొచ్చు.

బయోస్‌లో కనబడి, విండోస్ సెటప్‌లో మాత్రం కనబడకపోతే, 11వ తరం ఇంటెల్ అంటున్నావు కాబట్టి నా అనుమానం వీఎండీ మీదే. ఈ తరం నుంచి చాలా లాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ నేరుగా కాకుండా ఇంటెల్ వీఎండీ అనే కంట్రోలర్ వెనకాల ఉంటుంది. దాని డ్రైవర్ (దాన్ని విండోస్ గుర్తించడానికి కావాల్సిన చిన్న సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌లోని సెటప్‌లో లేకపోతే లిస్టు ఖాళీగానే వస్తుంది. లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో నీ మోడల్‌కి ఇచ్చిన ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ (వీఎండీకి కావాల్సింది ఇదే) దించుకుని, పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌గా పెట్టి, లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించు.

మరో జవాబు (ఐటీ సపోర్ట్ ఉద్యోగం, మధురవాడ)

పై సలహా సరైనదే. ఒక్క జాగ్రత్త చెప్పాలి. బయోస్‌లో వీఎండీని ఆఫ్ చేసేయమని చాలామంది చెబుతారు. కొన్ని ఏసర్ మోడళ్లలో ఆ ఆప్షన్ దాచి ఉంటుంది, మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది. కానీ పాత విండోస్ వీఎండీ ఆన్‌లో ఉండగా వేసింది. ఆఫ్ చేస్తే అది బూట్ కాదు, బ్లూ స్క్రీన్ వస్తుంది. పైగా బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే, బయోస్‌లో ఇలాంటివి కదిపినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ సాధారణంగా అమ్మగారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్లో లాగిన్ అయి చూసుకోవచ్చు. డేటా కావాలి కాబట్టి వీఎండీని ముట్టుకోకు, డ్రైవర్ దారిలోనే వెళ్లు. డిస్క్ కనబడ్డాక కంగారులో డిలీట్, ఫార్మాట్ మాత్రం నొక్కకు.

ప్రశ్న అడిగినవారు

అన్నా, బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ పేరు కనబడింది! ఊపిరి తిరిగినట్టయింది. కంపెనీ సైట్ నుంచి దించిన ఫైల్ పెన్‌డ్రైవ్‌లో పెట్టాను, కానీ లోడ్ డ్రైవర్‌లో ఆ ఫోల్డర్ చూపిస్తే డ్రైవర్లేమీ లేవంటోంది.

జవాబు (ద్వారకానగర్)

నువ్వు పెట్టింది ఈఎక్స్‌ఈ ఫైల్ అయి ఉంటుంది. సెటప్‌కి అది అర్థం కాదు, దాని లోపలున్న ఐఎన్‌ఎఫ్, సిస్, క్యాట్ ఫైళ్లు కావాలి. ముందు ఆ ఫైల్‌ని సెవెన్‌జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో విప్పి చూడు. రాకపోతే ఇంటెల్ సైట్‌లో సెటప్ ఆర్‌ఎస్‌టీ అనే ఫైల్ ఉంటుంది, దాన్ని ఫ్రెండ్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడపాలి. ఫైల్ పేరు తర్వాత ఖాళీ వదిలి, చిన్న గీత పెట్టి, ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని ఇంగ్లిష్‌లో కలిపి కొట్టి, పక్కన ఫోల్డర్ పేరు ఇవ్వు. ఫైళ్లన్నీ ఆ ఫోల్డర్‌లోకి విడివిడిగా వస్తాయి. అందులో వీఎండీ పేరుతో ఉన్న ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి.

డిస్క్ కనబడగానే అక్కడే ఆగి షిఫ్ట్, ఎఫ్10 నొక్కు. కొన్నింటిలో ఎఫ్‌ఎన్ కూడా పట్టుకోవాలి. నల్ల విండో వస్తుంది. అందులో నోట్‌ప్యాడ్ అని కొట్టి, ఫైల్ మెనూలో ఓపెన్‌కి వెళ్లి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకో. డ్రైవ్ అక్షరాలు మారి ఉంటాయి కాబట్టి యూజర్స్ ఫోల్డర్ ఎందులో ఉందో వెతుకు. అమ్మ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, ఇంకో హార్డ్‌డిస్క్‌లో పేస్ట్. ఎంత అయిందో చూపించే గీత ఏమీ రాదు, హ్యాంగ్ అయినట్టే ఉంటుంది. భయపడి ఆపేయకు, హార్డ్‌డిస్క్ లైటు మెరుస్తుంటే కాపీ అవుతున్నట్టే.

ప్రశ్న అడిగినవారు

లిస్టులో డ్రైవ్ వచ్చింది! బిట్‌లాకర్ తాళం కూడా పడలేదు. డాక్యుమెంట్స్, ఫొటోలు మొత్తం బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసి, ఫ్రెండ్ దగ్గర తెరిచి చూశాం. నోట్సు, ప్రశ్నపత్రాలు అన్నీ తెరుచుకుంటున్నాయి. అమ్మ అయితే ఏడ్చేసింది. ఆ తర్వాతే పాత పార్టిషన్లు (డిస్క్‌లోని భాగాలు) తీసేసి ఇన్‌స్టాల్ పెట్టాను. ఇప్పుడు రీస్టార్ట్ అయ్యాక వైఫై కనబడటం లేదు, ఇంటర్నెట్ లేకుండా ముందుకు వెళ్లనివ్వడం లేదు.

జవాబు (మధురవాడ)

వైఫై డ్రైవర్ ఇంకా పడలేదంతే. ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెదరింగ్ (ఫోన్ నెట్‌ని లాప్‌టాప్‌కి ఇచ్చే ఆప్షన్) ఆన్ చెయ్యి. సెటప్ అయ్యాక విండోస్ అప్‌డేట్ నడిపితే వైఫై డ్రైవర్ సాధారణంగా దానంతటదే వస్తుంది. రాకపోతే కంపెనీ సైట్‌లో ఉంటుంది. లైసెన్స్ గురించి కంగారు వద్దు, ముందున్న ఎడిషనే వేసి ఉంటే ఇంటర్నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఈసారి డివైస్ ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్ లాంటి తాళమే) ఆన్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో చూసి, ఆన్ అయి ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసి అమ్మగారికి ఇవ్వు.

ప్రశ్న అడిగినవారు

టెదరింగ్ పెట్టగానే ముందుకు వెళ్లింది. ఎన్‌క్రిప్షన్ ఆన్‌లోనే ఉంది, కీ రాసి అమ్మ బీరువాలో పెట్టించాను. మీ ఇద్దరి మేలు మర్చిపోలేను.