పొన్నంకి పిట్ట దొరికింది, ఏం పెట్టాలి?

నమస్కారమండీ. మాది పలాస దగ్గర ఉద్దానంలో ఓ పల్లె. పొద్దున్నే జీడితోటలో ఎండుటాకుల మీద ఓ పిట్ట కదలకుండా కూర్చుని ఉంది. ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లచార, పొట్టి తోక కింద కుంకుమ ఎరుపు. నాన్న చూడగానే పొన్నంకి పిట్ట అన్నారు. చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంక దాకా పోయే పిట్ట కదా, అలసిపోయి దిగిందేమో. దెబ్బలేమీ లేవు. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకట్లో ఉంచాను. మూత కాస్త తీస్తే చాలు, గుండె దడ ఈకల మీదే కనిపిస్తోంది, పాపం. అన్నం మెతుకులు ముట్టలేదు. పురుగులు తినేదే కాబట్టి చెదలు, వానపాములు పెట్టొచ్చా? సాయంత్రం వదలాలా, రేపు పొద్దున్నా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి.