శుద్ధి చేసిన మురుగునీటిలో మిగిలే హార్మోన్ రసాయనాలను తొలగించడమెలా?

శుద్ధి చేసిన మురుగునీటిని తిరిగి వాడుకునే పనిలో ఉన్న నాకు అనుభవజ్ఞుల సలహా కావాలి. గర్భనిరోధక మాత్రల ద్వారా వచ్చే ఇథినైల్ ఎస్ట్రడయాల్ అనే కృత్రిమ హార్మోన్ లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా మగ చేపల్లో ఆడ లక్షణాలు కలిగిస్తుంది. గ్లాసులో తేటగా కనిపించే నీటిలోనూ అది ఉండవచ్చన్నదే నా బెంగ. రసాయనాలను తనలో పట్టి ఉంచే యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) వాడితే, నీటిలో కరిగివున్న ఇతర సేంద్రియ పదార్థాలు దాని సూక్ష్మరంధ్రాలను ముందే ఆక్రమించడం వల్ల కొద్దికాలానికే దాని పట్టు తగ్గిపోతోంది. ఓజోన్ ఈ హార్మోన్లను వేగంగా విడగొడుతుంది గానీ, మా నీటిలో బ్రోమైడ్ అనే లవణం ఎక్కువ కనుక, అది ఓజోన్‌తో కలిసి హానికరమైన బ్రోమేట్‌గా మారే ప్రమాదముంది. నీటిని ఒత్తిడితో సన్నని పొర గుండా పంపే రివర్స్ ఆస్మాసిస్‌లోనేమో ఆ హార్మోన్లు నశించక, వదిలేసే నీటిలో పోగవుతాయి. తక్కువ మోతాదులో ఓజోన్ ఇచ్చి, తర్వాత నీటిని కార్బన్ గుండా పంపినవారెవరైనా ఉంటే, కార్బన్‌ను ఎంతకాలానికి మార్చారో, బ్రోమేట్‌ను ఎలా అదుపు చేశారో దయచేసి వివరంగా చెప్పగలరా?