అంగారకుడి మీద పాలీహౌస్: లోపల ఒత్తిడి ఎంత ఉంచాలి?

అందరికీ నమస్తే. మాది కడియం దగ్గర, నర్సరీ పని. మా అమ్మాయి బీటెక్ ప్రాజెక్టుకి అంగారకుడి మీద గ్రీన్‌హౌస్ డిజైన్ తీసుకుని, పాలీహౌస్ సంగతి నాన్నకి తెలుసు కదా అని నన్ను కూర్చోబెట్టింది. నాకు తెలిసిందల్లా ఇక్కడి పాలీహౌసే.

ఇక్కడ మా టెన్షనంతా గాలివానకి షీటు లేచిపోతుందనే. అక్కడ బయటి గాలి ఒత్తిడి మన దాంట్లో ఒక శాతం కూడా లేదు. లోపల మన ఒత్తిడిలో మూడో వంతు ఉంచినా, చదరపు మీటరుకి 3 టన్నుల పైనే బలం షీటుని బయటికి తోస్తుంది. జీఐ పైపులు, 200 మైక్రాన్ల షీటు దానికేం ఆగుతాయి? ఇంకా తగ్గిద్దామంటే ఆకుల్లోంచి నీరు తొందరగా ఆవిరైపోయి, వేళ్ల దగ్గర తడి ఉన్నా మొక్క నీటి ఎద్దడిలో ఉన్నట్టే అయిపోతుందట. ఎంతవరకు తగ్గించొచ్చు?

ఎండ కూడా మనకొచ్చే దాంట్లో 43 శాతమే. పైకప్పు మట్టితో కప్పేసి ఎల్‌ఈడీలు పెట్టడమే మేలంటాను నేను. కరెంటు ఎక్కడిదంటుంది తను. అదీ నిజమే.

అక్కడి మట్టిలో ఒంటికి హాని చేసే ఒక రకం ఉప్పు, పెర్‌క్లోరేట్ ఉందని 2008లో అక్కడ దిగిన నాసా వాళ్ల ఫీనిక్స్ ల్యాండర్ తేల్చింది. అది నీళ్లలో కరుగుతుంది కాబట్టి, మన తీరంలో ఉప్పు నేలకి కాలవ నీళ్లు పెట్టి తీసేసినట్టు కడగొచ్చా? ఆ కడుగు నీళ్లని మళ్లీ శుభ్రం చేసుకోవడం ఎలా? లేక మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలోనే పెంచే హైడ్రోపోనిక్సే నయమా?

స్ట్రక్చర్ లెక్కలు తెలిసినవాళ్లు ముందు ఒత్తిడి సంగతి చెప్పండి. గుమ్మటమా, సొరంగం ఆకారమా, ఏది ఆగుతుందో కూడా.