అప్‌డేట్: అసోసియేషన్ ఎన్ఓసీ లేకుండానే స్టాకిస్ట్‌షిప్ ఇచ్చారు

మందుల హోల్‌సేల్‌కు 20బీ, 21బీ లైసెన్సులు ఉన్నా, జిల్లా కెమిస్టుల అసోసియేషన్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెస్తేనే స్టాకిస్ట్‌గా (హోల్‌సేల్ పంపిణీదారుగా) సరుకు ఇస్తామని మందుల కంపెనీ అంటోందని, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా. మొదటి ఇన్‌వాయిస్ వచ్చేసింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఒక్కటే: నిరాకరణను రాతలో తెప్పించుకోమన్న సలహా. ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా చేతికి ఆధారం ఉండదు. దరఖాస్తు మెయిల్‌కు "అసోసియేషన్ ఎన్ఓసీ జతచేయగలరు" అని జవాబు రాగానే లాయర్ నోటీసు పంపారు. సరఫరాను కట్టడి చేసే ఒప్పందం కాంపిటీషన్ చట్టం 3(3)(బి) కిందికి వస్తుంది. ఇలాంటి ఎన్ఓసీ షరతును సీసీఐ (కాంపిటీషన్ కమిషన్) చాలా ఆర్డర్లలో తప్పుపట్టింది. తగిన కారణం లేకుండా డీలర్‌కు మందు అమ్మననడం డీపీసీఓ (మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు) 2013 ప్రకారమూ కుదరదు. కాంపిటీషన్ చట్టం సెక్షన్ 48తో అసోసియేషన్ ఆఫీస్ బేరర్లకూ వ్యక్తిగతంగా పెనాల్టీ పడొచ్చన్న నోటీసులోని పేరా గట్టిగా తగిలిందని లాయర్ అభిప్రాయం.

అదే చట్టంలోని సెక్షన్ 4 (మార్కెట్‌లో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడం), మార్కెట్ వాటా లెక్కలు అసలు అక్కర్లేదు. 3(3)లో పోటీకి హాని జరిగినట్టే చట్టం భావిస్తుంది, కాదని అవతలివాళ్లే చూపాలి. అయితే ఎవరి ఒత్తిడీ లేకుండా కంపెనీ తనంతట తాను స్టాకిస్ట్‌ను వద్దనుకుంటే ఈ దారి పనికిరాదు.

సీసీఐ దాకా వెళ్లాల్సినవాళ్లు జాగ్రత్త: 2023 సవరణతో ఫిర్యాదుకు మూడేళ్ల గడువు వచ్చింది.